ఇరవై రెండేళ్ల మోకాలు అరిగిపోతుందా?

ఫిజియోథెరపిస్టుగా ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మోకాళ్ల గురించినవే. రాసినవాళ్లంతా ముప్పై లోపు వాళ్లు. పరుగు మొదలుపెట్టినవాళ్లు, జిమ్‌లో చేరినవాళ్లు, వాలీబాల్ ఆడేవాళ్లు. "ఈ వయసుకే మోకాళ్లు పోయాయా?" అన్న భయం దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంది. అందుకే నడుము నొప్పి, మెడ నొప్పి ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి శీర్షిక మొత్తం మోకాళ్లకే ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దది. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్లు అది తమకే రాసిందనుకుని చదవండి.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. వయసు 22. హనుమకొండలో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నాను. రెండేళ్లుగా పొద్దున్నుంచి రాత్రిదాకా రీడింగ్ రూమ్‌లోనే కూర్చుంటున్నాను. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. ఈసారీ అలాగే ఉంటుందని అందరూ అంటుంటే మూడు నెలల కింద గ్రౌండ్‌కు పోవడం మొదలుపెట్టాను. మొదటి వారం రెండు రౌండ్లు కొట్టడమే కష్టమైంది. మూడో వారం నుంచి ఫ్రెండ్స్‌తో కలిసి రోజూ 5, 6 కిలోమీటర్లు రోడ్డు మీద పరుగు, తర్వాత లాంగ్ జంప్, చివర్లో 100 బస్కీలు. ఐదో వారంలో కుడి మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలైంది. ఇప్పుడు రెండు మోకాళ్లూ నొస్తున్నాయి. నా రూమ్ మూడో అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉంది. గంటసేపు కూర్చుని లేస్తే పట్టేసినట్టు అవుతుంది. వాపు లేదు. ఎక్స్‌రే తీస్తే నార్మల్ అన్నారు. మా ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి "గుజ్జు అరిగింది, పరుగు మానెయ్" అన్నాడు. ఒక చోట పది రోజులు కరెంటు పెట్టించుకున్నాను. మాలో మేము టైమింగ్ చూసుకున్న రోజు నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని పరుగెత్తాను. అమ్మ "ఉద్యోగం లేకున్నా సరే, కాళ్లు పోతే ఎట్లా బిడ్డా" అని ఏడుస్తోంది. పరుగు మానెయ్యాలా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మానకండి బాబూ, తగ్గించండి. మానడానికీ తగ్గించడానికీ చాలా తేడా ఉంది.

ముందు అమ్మకు ఈ మాట చెప్పండి. దెబ్బ తగల్లేదు, వాపు లేదు, ఎక్స్‌రే బాగుంది, నొప్పి చిప్ప చుట్టూనే ఉంది, వయసు 22. ఇవన్నీ చూస్తే ఇది గుజ్జు అరుగుదల కాదు. మనకు గుజ్జు అనే మాట బాగా అలవాటైపోయింది. అరవై ఏళ్ల అమ్మమ్మకు చెప్పే మాటనే మనవడికీ చెప్పేస్తున్నారు. ఆ మాట విన్న పిల్లలు కాలు కింద పెట్టాలంటేనే జంకుతారు. జంకి నడక తగ్గిస్తారు, దాంతో తొడ కండరం తగ్గిపోతుంది. ఆపైన నొప్పి నిజంగానే పెరుగుతుంది.

అసలు జరుగుతున్నది ఇది. మోకాలి చిప్ప తొడ ఎముక చివరన ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతూ ఉంటుంది. మోకాలు మడిచి దాని మీద బరువు వేసినకొద్దీ చిప్ప ఆ గాడిలోకి గట్టిగా నొక్కుకుంటుంది. చదును నేల మీద నడిచేటప్పుడు అక్కడ పడే ఒత్తిడి సుమారుగా మన బరువులో సగం. మెట్ల మీద అది మూడు రెట్లు దాటుతుంది. పూర్తిగా కిందికి కూర్చుని బస్కీ తీస్తే ఏడెనిమిది రెట్లు. అంటే 65 కిలోల మనిషి తీసే ఒక్కో బస్కీకీ నాలుగైదు వందల కిలోల ఒత్తిడి. ఆరోగ్యమైన మోకాలు దీన్ని తట్టుకుంటుంది, తట్టుకునేలాగే దాని నిర్మాణం ఉంది. కాకపోతే అలవాటు చేయాలి. మీరు రెండేళ్లు కుర్చీలో కూర్చుని, మూడు వారాల్లోనే రోజుకు 6 కిలోమీటర్లు, 100 బస్కీలు, లాంగ్ జంప్ ఒక్కసారిగా దాని మీద వేశారు. ఆయాసం మూడు వారాల్లో తగ్గుతుంది కాబట్టి ఒళ్లంతా సిద్ధమైందనిపిస్తుంది. కండరమూ, దాన్ని ఎముకకు కలిపే స్నాయువూ గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. మీ నొప్పి ఆ తేడాలోంచే వచ్చింది.

డాక్టర్లు దీన్ని పటెల్లోఫిమోరల్ పెయిన్ అంటారు. రన్నర్స్ నీ అని కూడా పిలుస్తారు. మోకాలు మడిచి ఎక్కువసేపు కూర్చుంటే పట్టేయడం దీని గుర్తుల్లో ఒకటి. సినిమా హాల్లో కూర్చుని లేచినప్పుడు వచ్చే నొప్పి కాబట్టి దానికి థియేటర్ సైన్ అని పేరు. మీకది రీడింగ్ రూమ్‌లో వస్తోంది.

నా సంగతి ఒకటి చెబుతాను. 1990ల్లో డిగ్రీ చదివేటప్పుడు నేను ఖోఖో ఆడేదాన్ని. ఖోఖోలో గడిలో కూర్చునేవాళ్లు మడమల మీద మోకాళ్లు పూర్తిగా మడిచి, ఖో అనగానే లేచి దూకాలి. ఒక సీజన్లో రెండు మోకాళ్లూ మీరు రాసినట్టే నొప్పి పెట్టాయి. ఇంట్లో పెద్దవాళ్లు, చూసిన డాక్టరు అందరూ "కదలకు" అన్నారు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఏడు నెలలు ఆట మానేశాను. నొప్పి కొంచెం తగ్గింది. మళ్లీ గ్రౌండ్‌లో అడుగుపెట్టిన మూడో రోజుకే తిరిగొచ్చింది. తర్వాత ఫిజియోథెరపీ కోర్సులో చేరాక ఒకరోజు మా ప్రొఫెసర్ గారు టైలర్ టేపు తెచ్చి నా తొడలు రెండూ కొలిచారు. ఎక్కువ నొప్పి ఉన్న కాలి తొడ రెండోదానికంటే రెండున్నర సెంటీమీటర్లు తక్కువ. "నొప్పి మోకాలిదే అయినా మందు తొడలో ఉందమ్మా" అన్నారు. ఆ టేపు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. మీలాంటి పిల్లలెవరు వచ్చినా మొదట దాన్నే తీస్తాను.

టేపు తర్వాత ఇంకోటి చేయిస్తాను. మీరూ రూమ్‌లో చేసి చూసుకోండి. జానెడు ఎత్తున్న మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో కాలి మడమ నేలకు తగిలేదాకా మెల్లగా కిందికి దిగాలి. ఎదురుగా అద్దం ఉండాలి, లేదా ఫ్రెండ్‌తో ఫోన్‌లో వీడియో తీయించుకోవాలి. మోకాలు పాదం మీదుగా తిన్నగా వంగితే మంచిదే. చాలామందికి సగం దూరం దిగేసరికి మోకాలు లోపలికి, రెండో మోకాలి వైపు వాలిపోతుంది, నడుము ఒక పక్కకు జారుతుంది. పిరుదు పక్క కండరంలో బలం చాలనప్పుడు ఇలా అవుతుంటుంది. 1600 మీటర్ల పరుగులో ఒక్కో కాలు సుమారు 600 సార్లు నేలను తాకుతుంది. ప్రతిసారీ మోకాలు ఇలా కొద్దికొద్దిగా లోపలికి వాలుతుంటే చిప్ప అంచు మీద ఎంత రాపిడి పడుతుందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడేం చేయాలో చెబుతాను. మొదటి రెండు వారాలు బస్కీలు, లాంగ్ జంప్ పూర్తిగా ఆపండి. ఆపాల్సినవి ఈ రెండే. పరుగు రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చాలు. రోడ్డు వదిలి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ లాంటి మట్టి నేల మీదకు వెళ్లండి. ఒక రౌండు మెల్లగా పరుగు, అర రౌండు నడక, మొత్తం రెండు కిలోమీటర్లు దాటొద్దు. ఫ్రెండ్స్ ముందుకు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. మీరు ఉరకాల్సింది సెలక్షన్ రోజున.

పరుగు లేని రోజుల్లో వ్యాయామం. బడిలో పంతులుగారు శిక్షగా వేయించిన గోడకుర్చీ గుర్తుందా? అదే. కాకపోతే కుర్చీ అంత కిందికి జారకండి, మోకాలు సగం వంగితే చాలు. 30 సెకన్లతో మొదలుపెట్టి 45 సెకన్ల దాకా తీసుకెళ్లండి. మధ్యలో నిమిషం విశ్రాంతితో ఐదుసార్లు. తొడ వణుకుతుంది, వణకాలి కూడా. చిప్పలో పోటు వస్తే మాత్రం ఇంకొంచెం పైకి జరగండి. తర్వాత ఒక పక్కకు తిరిగి పడుకుని పైనున్న కాలు తిన్నగా ఎత్తి దించడం, 12 చొప్పున మూడు విడతలు. కాలు ముందుకు రాకుండా కొద్దిగా వెనక్కి ఉంచి ఎత్తితేనే పిరుదు పక్క కండరం పనిచేస్తుంది. చాలామంది ఇక్కడే తప్పు చేసి "చేశాం మేడమ్, తగ్గలేదు" అంటారు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తడం. చివరగా మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, ఇది పిక్కలకు. మొత్తం అరగంట.

మూడో వారం నుంచి మెట్టు ఎక్కి దిగే వ్యాయామం కలపండి. ఇందాక పరీక్షగా చేసిందే ఇప్పుడు వ్యాయామం, అద్దం ముందే చేయాలి. దాని తర్వాత కుర్చీ ఎత్తుదాకా మాత్రమే దిగే బస్కీలు, పదేసి మూడు విడతలు. అవి తేలికనిపించాక పుస్తకాల బ్యాగు ఛాతీకి హత్తుకుని చేయండి. 100 బస్కీలు ఉరుకుల మీద తీయడం కంటే బరువుతో 30 నింపాదిగా తీస్తే తొడ ఎక్కువ గట్టిపడుతుంది. పరుగు దూరాన్ని వారానికి కొంచెం కొంచెం పెంచండి. దూరమూ వేగమూ ఒకే వారంలో పెంచకండి. లాంగ్ జంప్ ఆరో వారం తర్వాతే, అదీ మెట్లు నొప్పి లేకుండా దిగగలిగితేనే.

అడుగుల లెక్క కూడా చూసుకోండి. మామూలుగా పరుగెత్తుతూ 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేలకు తగులుతుందో లెక్కపెట్టండి. 40 వచ్చిందనుకుందాం. అదే వేగంలో దాన్ని 42, 44 చేయండి. అంటే అంగ కాస్త చిన్నదవుతుంది, పాదం శరీరానికి దగ్గరగా పడుతుంది. ఈ చిన్న మార్పుతో మోకాలి మీద ఒత్తిడి బాగా తగ్గుతుంది. పొడుగు అంగలు వేస్తే టైమింగ్ వస్తుందని గ్రౌండ్‌లో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకు ఆ సలహా పనికిరాదు.

నొప్పి ఏమాత్రం ఉండకూడదా? ఉండొచ్చు. పదికి మూడు మార్కులు దాటకూడదు, మర్నాటికి పెరిగి ఉండకూడదు. దానికి మీ మూడో అంతస్తు మెట్లే మీటరు. రోజూ పొద్దున మొదటిసారి దిగేటప్పుడు నొప్పికి పదికి ఎన్ని మార్కులో క్యాలెండర్ మీద రాయండి. నిన్నటికంటే ఎక్కువుంటే ముందురోజు చేసింది ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు తగ్గండి. అంతే ఉంటే అలాగే కొనసాగించండి. ఇలా చేస్తే చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తేడా బాగా తెలుస్తుంది. కొందరికి మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగబెడుతుంది. అప్పుడు భయపడి అన్నీ వదిలేయకండి, రెండు వారాలు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి మళ్లీ రండి.

ఇంజెక్షన్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని పరుగెత్తడం ఇంకెప్పుడూ చేయకండి. "ఇక చాలు" అని మోకాలు చెప్పే మాట మీకు వినపడదు. ఎండలో, చెమటతో నీరు తగ్గిన ఒంటికి ఆ మందులు కిడ్నీలకూ మంచివి కావు. సెలక్షన్ రోజున కూడా వద్దు.

కరెంటు పెట్టించుకున్నారు కదా, డబ్బు పోయిందని బాధపడకండి, ఇకమీదట పెట్టకండి చాలు. 2017లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో ఈ నొప్పి మీద పనిచేసే నిపుణులు సమావేశమై, తమ సిఫారసులను 2018లో ప్రచురించారు. వాళ్లు అన్నిటికంటే ముందు పెట్టింది వ్యాయామాన్నే, అందులోనూ తుంటి కండరాలకూ మోకాలి కండరాలకూ కలిపి చేయించేదాన్ని. అల్ట్రాసౌండ్ లాంటి కరెంటు చికిత్సలను సిఫారసు చేయలేదు. నా వృత్తిలోనే ఉన్నవాళ్లు ఇప్పటికీ పది రోజుల కరెంటు ప్యాకేజీ రాసి, వ్యాయామం నేర్పకుండా పంపడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. గుజ్జు పెంచే మాత్రలు ఎవరైనా రాసిస్తే కొనకండి, మీ గుజ్జుకు లోపం లేదు. ఎమ్మారై కూడా ఇప్పుడు అవసరం లేదు. నీక్యాప్ వేసుకుంటే హాయిగా ఉంటే వేసుకోండి, తప్పు లేదు, కానీ అది కండరానికి బదులు కాదు. షూస్ మడమ దగ్గర ఒక పక్కకు అరిగిపోయి ఉంటే మార్చండి. ఖరీదైనవి అక్కర్లేదు, కాలికి సరిపోయి మెత్తగా ఉంటే చాలు.

ఎనిమిది వారాలు చేశాక కూడా తగ్గకపోతే, లేదా మధ్యలో మోకాలు వాచినా, రాత్రి నిద్రలేపేంత నొప్పి వచ్చినా, జ్వరంతో మోకాలు ఎర్రబడి వేడెక్కినా, ఇరుక్కుపోయి చాచలేకపోయినా ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఈ ఉత్తరం చదివి నేను చెప్పగలిగింది ఇంతే, చేత్తో పట్టి చూసేవాళ్లు ఇంకా చెప్పగలరు.

ప్రశ్న: నాకు 25. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలలుగా జిమ్‌కు వెళ్తున్నాను. కూర్చుని లేచిన ప్రతిసారీ మోకాళ్లు కటకటమంటున్నాయి. నొప్పి అయితే లేదు. పక్కన చేసేవాళ్లకు కూడా వినిపిస్తోంది. స్క్వాట్స్ ఆపేయాలా? ఇంట్లో కింద కూర్చోవడం కూడా మానేశాను.
— ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: నొప్పీ వాపూ లేని చప్పుడు చప్పుడే అమ్మా, దానికి వైద్యం లేదు, అక్కర్లేదు. కీలులోని ద్రవంలో గాలి బుడగలు పగలడం వల్లో, స్నాయువు ఎముక మీదుగా జారడం వల్లో వస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఇది చాలా మామూలు.

స్క్వాట్స్ ఆపకండి. కింద కూర్చోవడం అసలే మానకండి. మోకాలి గుజ్జుకు రక్తనాళాలు లేవు. బరువు పడి తీసినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవాన్ని స్పాంజీలా పీల్చి వదులుతూ పోషణ తీసుకుంటుంది. వాడకపోతేనే దానికి నష్టం. బాసింపట్టు వేసుకుని భోంచేసి, చేయి ఆనించకుండా లేవగలిగితే అదే మంచి వ్యాయామం. ఒకే భంగిమలో గంటలు గంటలు కూర్చోకుండా మధ్యలో కాళ్లు చాపుకుంటే చాలు. చప్పుడుతో పాటు ఎప్పుడైనా నొప్పి మొదలైతే పై జవాబు చదవండి.

ప్రశ్న: డిగ్రీ సెకండియర్. కాలేజీ టీమ్‌లో వాలీబాల్ ఆడతాను, స్మాషర్‌ని. రెండు నెలలుగా ఎగిరినప్పుడల్లా ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి. వేలు పెడితే కచ్చితంగా ఒకే చోట తెలుస్తుంది. ఆట మొదట్లో ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, మర్నాడు పొద్దున బాగా ఉంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే తగ్గుతుందని సీనియర్ చెప్పాడు.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వేలితో చూపించగలిగే నొప్పి అని రాశారు కాబట్టి నా పని తేలికైంది. చిప్ప చుట్టూ చేత్తో పాముతూ చూపించే నొప్పి వేరు, కింది అంచున ఒక్క వేలితో చూపించేది వేరు. మీరు చెబుతున్నది చిప్పను కాలి ఎముకకు కలిపే స్నాయువు. ఎగిరి దిగే ఆటల్లో దానికే దెబ్బ, అందుకే దీన్ని జంపర్స్ నీ అంటారు. మొదట్లో ఉండి వేడెక్కాక తగ్గి, మర్నాడు పట్టేయడం దాని తీరే.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, తర్వాత స్నాయువు బలహీనమవుతుంది. తెగే ప్రమాదం కూడా ఉంది. పూర్తి విశ్రాంతీ వద్దు. స్నాయువు బరువుకే గట్టిపడుతుంది, కానీ నిదానంగా వేసిన బరువుకు. ప్రాక్టీసులో ఎన్నిసార్లు ఎగురుతున్నారో ఒకరోజు ఎవరితోనైనా లెక్కపెట్టించండి, ఆ సంఖ్య సగానికి దించండి. ఎగిరే ప్రాక్టీసు వరుస రోజుల్లో పెట్టుకోకండి. కాలేజీ జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ ఉంటే, మోకాలు 60 డిగ్రీలు వంచి, బరువు కదలకుండా 45 సెకన్లు ఎత్తి పట్టుకోండి, రెండు నిమిషాల విశ్రాంతితో ఐదుసార్లు. మెషీన్ లేకపోతే గోడకుర్చీ. చాలామందికి ఇది చేసిన వెంటనే కాసేపు నొప్పి తగ్గుతుంది. రెండు మూడు వారాల తర్వాత నెమ్మదిగా ఎత్తి నెమ్మదిగా దించే బరువులు మొదలుపెట్టండి. స్నాయువు మానడానికి మూడు నెలలు తక్కువలో తక్కువ. ఈ సంగతి మీ కోచ్ గారికి మీరే చెప్పండి, దాచి ఆడకండి. టోర్నమెంటుకు ముందు దాచిపెట్టిన నొప్పే పిల్లల్ని తర్వాత సీజన్ మొత్తం కూర్చోబెడుతుంది.

ప్రశ్న: అక్కా, నేను డాలస్‌లో మాస్టర్స్ చదువుతున్నాను, వయసు 24. మూడు వారాల కింద వీకెండ్ క్రికెట్‌లో ఫీల్డింగ్ చేస్తూ ఒక్కసారిగా తిరిగాను. మోకాల్లో టప్‌మని శబ్దం వచ్చింది. గంటలోపే బాగా వాచింది. ఐస్ పెట్టాను, పది రోజుల్లో వాపు తగ్గింది. ఇప్పుడు నడవగలను కానీ మెట్లు దిగేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు మోకాలు జారిపోయినట్టు అవుతోంది. యూట్యూబ్ చూసి స్క్వాట్స్ చేస్తున్నాను. డిసెంబర్‌లో ఇండియా వచ్చినప్పుడు చూపించుకోవచ్చా? ఇక్కడ ఖర్చు గురించి టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: తమ్ముడూ, డిసెంబర్ దాకా ఆగొద్దు. ఈ వారమే చూపించుకో.

పైన రాసిన నొప్పులకూ నీదానికీ సంబంధం లేదు. తిరిగినప్పుడు శబ్దం, గంటలోపే వాపు, ఇప్పుడు జారిపోవడం. ఈ మూడూ కలిసి వస్తే మొదట అనుమానించాల్సింది మోకాలి మధ్యలో తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగిందేమోనని. అంత తొందరగా వాచిందంటే చాలాసార్లు కీలులో రక్తం చేరిందని అర్థం. వాపు తగ్గింది కాబట్టి మానిందనుకోకు. జారిన ప్రతిసారీ లోపలున్న మెత్తటి దిండు లాంటి మెనిస్కస్ నలిగి చిరిగే అవకాశం ఉంది. ఈ రోజు ఒక లిగమెంట్‌తో పోయేది డిసెంబర్‌కు రెండు సమస్యలు కావచ్చు.

ముందు మీ యూనివర్సిటీ స్టూడెంట్ హెల్త్ సెంటర్‌కు ఫోన్ చెయ్యి. నీ ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబర్‌కు కూడా చేసి, దేనికి ఎంత నువ్వు కట్టాలో ముందే అడుగు. మొదటి పరీక్షకు పెద్ద మెషీన్లు అక్కర్లేదు, అనుభవం ఉన్న డాక్టర్ చేత్తో లాగి చూసి చాలావరకు చెప్పేస్తారు. ఎమ్మారై అవసరమో కాదో ఆ తర్వాత తేలుతుంది. తెగిందని తేలినా భయపడకు. అందరికీ ఆపరేషన్ ఉండదు. నీ వయసు, మళ్లీ ఆడాలనుకుంటున్నావా, ఎంత జారుతోంది అన్నవి చూసి నిర్ణయిస్తారు. చేసినా చేయకపోయినా నెలల తరబడి ఫిజియోథెరపీ తప్పదు, అది ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

అప్పటిదాకా క్రికెట్ వద్దు, మలుపులు తిరిగే ఆట ఏదీ వద్దు. యూట్యూబ్ స్క్వాట్స్ ఆపెయ్. చదును నేల మీద నడువు, మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకో. మోకాలు ఇరుక్కుపోయి చాచలేకపోతే ఈ వారం కూడా ఆగకు, ఆ రోజే వెళ్లు. ఇంట్లో ఇంకా చెప్పి ఉండవని నా అనుమానం. అమ్మానాన్నలకు ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

ప్రశ్న: వయసు 27. పై నెలలో అలిపిరి మెట్ల మీదుగా తిరుమల నడిచి వెళ్తానని మొక్కుకున్నాను. పోయినసారి నడిచి ఎక్కి, నడిచే దిగాను. తర్వాత రెండు వారాలు మోకాళ్లు నొప్పి. ఈసారి ఎక్కగలనా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: తప్పకుండా ఎక్కుతారు. పోయినసారి మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఎక్కడం కాదు, దిగడమే అయ్యుంటుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మొత్తం ఆపాలి, అలవాటు లేని కండరం అక్కడే అలసిపోతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. మొక్కు ఎక్కడానికే కాబట్టి ఈసారి కిందికి బస్సులో రండి.

నెల రోజులుంది కదా. ఇవాళ్టి నుంచి రోజు విడిచి రోజు ఇంటి మెట్లో, ఫ్లైఓవర్ మెట్లో పది నిమిషాలు ఎక్కండి, వారానికి ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోండి. మొదటి జవాబులో చెప్పిన గోడకుర్చీ, పక్కకు పడుకుని కాలెత్తడం మీకూ సరిపోతాయి. నడిచే రోజు తెల్లవారుజామునే బయల్దేరండి. గాలిగోపురం దాకా ఉన్నదే అసలు ఎక్కుడు, అక్కడే అందరూ పోటీపడి ఎక్కేసి అలసిపోతారు. మీరు పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, మాట్లాడుతూ ఎక్కగలిగే వేగంలో వెళ్లండి. ఆ తర్వాత చాలా దూరం తేలిగ్గానే సాగుతుంది. చివర్లో మోకాళ్ల మెట్టు వస్తుంది. రామానుజులవారు కొండంతా మోకాళ్ల మీదే ఎక్కారని చెప్పుకుంటారు. అక్కడ మీరు మోకాళ్ల మీద ఎక్కాలనుకుంటే ఒకటి రెండు మెట్లకు ఆపి, మిగతావి పక్కనున్న రెయిలింగ్ పట్టుకుని కాళ్ల మీదే ఎక్కండి.